మన ఊరి ప్లాను – మన మాట

(రేణిగుంటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మాట్లాడుకునే విషయాలు అందరికీ తెలిసినవే. డి.ఆర్. ఎప్పుడు వస్తుంది, బకాయిలు ఎన్ని వాయిదాల్లో ఇస్తారు, లైఫ్ సర్టిఫికెట్టు ఎక్కడ ఇవ్వాలి, మెడికల్ బిల్లు ఎందుకు తిరిగొచ్చింది. ఇవి చిన్న విషయాలని నేననను. నా మందుల ఖర్చు కూడా వాటిమీదే ఆధారపడి ఉంది. అయినా ఈ పూట నన్ను మాట్లాడమన్నప్పుడు, వేరొక సంగతి ఎత్తుకుంటానని కార్యదర్శి గారిని అడిగాను. వారు సరేనన్నారు.

మనం ఉద్యోగం నుంచి రిటైరయ్యాం గాని ఊరి నుంచి రిటైరు కాలేదు. రోడ్డు ఎటు పోవాలి, కాలువ ఎటు పారాలి, సంత ఎక్కడ ఉండాలి, పార్కుకని వదిలిన స్థలం పార్కుగానే ఉంటుందా – ఈ నిర్ణయాలు జరిగేటప్పుడు మన మాట ఎక్కడుంది? ఇదే నా విషయం.

ముసాయిదా అంటే పచ్చి మట్టి

మీకందరికీ గుర్తున్న సంగతితోనే మొదలుపెడతాను. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదా నోటిఫికేషన్లు ఇచ్చింది. అభ్యంతరాలకు, సూచనలకు 30 రోజుల గడువు పెట్టింది. ఆ ముసాయిదాలో మన జిల్లా పేరు శ్రీ బాలాజీ జిల్లా. ఏప్రిల్ 4వ తేదీన జిల్లా ఏర్పడేసరికి పేరు తిరుపతి జిల్లా. ఏ పేరు మంచిదన్న చర్చ నేను చేయను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సర్కారు కాగితం మీద ముసాయిదా అని రాసి ఉన్నంత కాలం అది పచ్చి మట్టి. కుమ్మరి సారె మీద ఉన్న మట్టి వేలితో తాకినా ఆకారం మారుతుంది. ఆవంలో కాలిన తరువాత గుద్దితే మారదు, పగులుతుంది.

మనలో ఎక్కువమంది కుండ కాలిన తరువాత వస్తాం. వీధి మొగదల జె.సి.బి. వచ్చి నిలబడ్డాక, గోడకు ఎర్ర రంగు గీత పడ్డాక, అప్పుడు ధర్నా అంటాం, కోర్టు అంటాం. ముసాయిదా ప్లాను ఆఫీసు గోడకు అంటించి ఉన్న రోజుల్లో అటువైపు తొంగి చూసినవాళ్ళం ఎంతమందిమి? నేనూ చూసినవాణ్ణి కాదు. పైగా నేను గోడకు అవతలివైపు కూర్చున్నవాణ్ణి. ఆ సంగతి చెబుతాను.

నా వాటా తప్పు

నా సర్వీసంతా డ్రాయింగు బల్ల దగ్గరే గడిచింది. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను, దాదాపు అదే బల్ల దగ్గర రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఆఫీసు, ఏ ఊరు అన్నది అనవసరం. ఎవరినో తప్పు పట్టడానికి కాదు, అందులో నా వాటా ఎంతో చెప్పడానికే ఎత్తుకున్నాను.

అప్పటికి కంప్యూటర్లు లేవు. ఎఫ్.ఎం.బి. స్కెచ్చులు తెప్పించి, సర్వే నెంబర్ల హద్దులు ఒకదానికొకటి కలిపి, ట్రేసింగు కాగితం మీద నల్ల ఇంకుతో గీసి, అమ్మోనియా ప్రింట్లు తీసేవాళ్ళం. ఒక ఊరి శివారులో రోడ్లు, ఇళ్ళ స్థలాలు చూపే ప్లాను నేను గీశాను. ముసాయిదా నోటీసు బోర్డుకెక్కింది. ఇంగ్లీషులో. గడువు లోపల మూడో నాలుగో కాగితాలు వచ్చాయి. అన్నిటి సారం ఒకటే: నా స్థలంలోంచి రోడ్డు తీసి పక్కవాడి స్థలంలో వేయండి.

గడువు దాటిన కొన్నాళ్ళకు ఒక ముసలాయన వచ్చాడు. ఆ ఊరి చెరువు కింద నీరుగంటి. చెరువు కింద ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేది ఆయనే. భుజాన తువ్వాలు తప్ప చేతిలో కాగితం ముక్క లేదు.

"సామీ, మీరు గీసిన నలభై అడుగుల రోడ్డు మరవ నీళ్ళు పొయ్యే దోవ మింద ఉండాది" అన్నాడు.

నేను షీటు తీసి చూపించాను. "పెద్దాయనా, ఇక్కడ కాలువ పోరంబోకు లేదు. అంతా పట్టా భూమే. మ్యాపులో లేని కాలువ ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నాను.

ఆయన షీటు వైపు చూడను కూడా లేదు. "పదేండ్లకో పదైదేండ్లకో ఒకతూరి వస్తాది సామీ. వచ్చినప్పుడు నీళ్ళు పట్టా చూసి పోవు" అన్నాడు.

గడువు అయిపోయిందని, రాతపూర్వకంగా ఇవ్వలేదు కాబట్టి చేసేదేమీ లేదని చెప్పి పంపేశాను. నిబంధన ప్రకారం నాది తప్పు కాదు. పై అధికారికి ఒక ముక్క చెప్పి ఉండవచ్చు. ఫైల్లో ఒక నోటు పెట్టి ఉండవచ్చు. చెప్పలేదు, పెట్టలేదు. మధ్యాహ్నం భోజనం వేళ అయింది, అంతే.

కొన్నేళ్ళకు ఒక కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. చెరువు నిండి మరవ పారింది. ఆ నీళ్ళు తమ పాత దోవ వెతుక్కుంటూ నేను గీసిన నలభై అడుగుల రోడ్డు మీదికే వచ్చాయి. ఇళ్ళలో నడుములోతు నీళ్ళు. ప్రాణం ఎవరిదీ పోలేదు, అదే పదివేలు. ఆ వీధిలో మా ఆఫీసులోనే పనిచేసి రిటైరైన ఒకాయన ఉండేవాడు. గ్రాట్యుటీ డబ్బుతో కట్టుకున్న ఇల్లు. కూతురి పెళ్ళికని తెచ్చిపెట్టుకున్న చీరలు, సామాన్లు బీరువాతో సహా తడిసిపోయాయి. చూడబోయినప్పుడు ఆయన నాతో ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. ఆ ప్లాను ఎవరు గీశారో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

ఎఫ్.ఎం.బి.లో హద్దు రాళ్ళుంటాయి, కొలతలుంటాయి. నేల వాలు ఉండదు. పదిహేనేళ్ళకొకసారి వచ్చే నీటి దోవ అసలే ఉండదు. అది ఊళ్ళో ముసలివాళ్ళ తలలో ఉంటుంది. ఆ తలలోని సంగతి ప్లాను మీదికి ఎక్కించడానికే ప్రజల అభ్యంతరాలు, సూచనలు అనే ఏర్పాటు పెట్టారు. మనం దాన్ని ఒక తంతుగా మార్చుకున్నాం.

చట్టంలో మన చోటు

చట్టంలో మనకు చోటు లేదనుకోవద్దు. ఉంది.

మన చిత్తూరు సీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1920లో, టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. 1975లో ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, మనం తుడా అని పిలిచేది, 1981లో ఈ చట్టం కిందే ఏర్పడింది. మాస్టర్ ప్లాను ఖరారు చేసేముందు ముసాయిదాను జనం చూడడానికి వీలుగా ఉంచాలనీ, నోటీసు ఇచ్చి అభ్యంతరాలు, సూచనలు పిలవాలనీ, వాటిని పరిశీలించిన తరువాతే ముందుకు పోవాలనీ ఆ చట్టం చెప్పింది. 2016లో మన రాష్ట్రంలో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చినా ఈ పద్ధతి అలాగే ఉంది.

1975 చట్టంలో ఒక చిన్న మాట ఉంది. అభ్యంతరం ఎవరి నుంచి పిలవాలి? ఏ వ్యక్తి నుంచి అయినా అని ఉంది. స్థలం సొంతదారు అనలేదు, పన్ను కట్టేవాడు అనలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాడూ, బండి మీద అరటిపళ్ళు అమ్మేవాడూ, ఆ నీరుగంటీ – అందరూ అందులోకి వస్తారు.

1992 డిసెంబరులో పార్లమెంటు 73, 74 రాజ్యాంగ సవరణలు ఆమోదించింది. 1993లో అవి అమలులోకి వచ్చాయి. గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం దొరికింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, ఎవరూ పిలిచి కండువా కప్పనక్కర్లేదు. పట్టణాల్లో వార్డు కమిటీలు, జిల్లాకొక ప్రణాళికా కమిటీ అన్నారు. పట్టణ ప్రణాళికను స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చారు. రేపు మన ఊరికి ఏ హోదా వచ్చినా, గ్రామసభ రూపంలోనో వార్డు రూపంలోనో మనకొక కుర్చీ ఉంది. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరు కూర్చుంటారో మీకు చెప్పనక్కర్లేదు.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దరఖాస్తు పెట్టి సమాచారం అడగడం అందరికీ తెలిసిందే. అదే చట్టం నాలుగో సెక్షనులో, ప్రజలను ప్రభావితం చేసే ముఖ్య నిర్ణయాలకు సంబంధించిన వాస్తవాలను ఆఫీసులే స్వయంగా ప్రకటించాలనీ, ఆ నిర్ణయాల వల్ల ప్రభావితులైనవారికి కారణాలు చెప్పాలనీ కూడా ఉంది. ఫలానా రోడ్డు ఫలానా చోట ఎందుకు వంగింది అని అడగడం అమర్యాద కాదు. హక్కు.

ఈ హక్కు కాగితం మీదే ఉంటుందా, ఎక్కడైనా పనిచేసిందా అని మీరడగవచ్చు. మన పొరుగునే బెంగుళూరులో ఒక కాలనీలో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగు హోముకు కేటాయించారు. కాలనీవాసులు కోర్టుకు వెళ్ళారు. మీకేం నష్టం, మీకేం సంబంధం అన్న వాదన వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు కాలనీవాసుల పక్షానే తీర్పు చెప్పింది. పార్కు ఆ చుట్టుపక్కల బతికే అందరిదీ కాబట్టి అడిగే హక్కు వాళ్ళకుందన్నది. 2001లో మరొక తీర్పులో చెరువులు, కుంటలు, అడవులు సమాజపు ఉమ్మడి ఆస్తి, వాటిని కాపాడాలి అని చెప్పింది.

అడగడం వేరు, వినడం వేరు

అయితే సభ పెట్టినంత మాత్రాన ప్రజలను భాగస్వాములను చేసినట్టు కాదు. 1969లో అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆమె ఒక వ్యాసం రాసింది. ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపింది. అడుగున రెండు మెట్ల మీద జరిగేది భాగస్వామ్యమే కాదు, జనాన్ని బుజ్జగించి మన దారికి తెచ్చుకోవడం అన్నది. ఆ పైన సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, ఒకరిద్దరిని కమిటీలో వేసి తృప్తి పరచడం – ఈ మూడూ పైపై మెట్లు. నిజంగా నిర్ణయంలో వాటా ఇవ్వడం ఆరో మెట్టు నుంచి మొదలవుతుంది. మన కొండ మెట్లెక్కే వాళ్ళకు ఈ లెక్క సులువుగానే బోధపడుతుంది. అలిపిరిలో కొబ్బరికాయ కొట్టి ఇంటికి తిరిగొస్తే దర్శనమైనట్టు కాదు కదా.

పై మెట్ల దాకా వెళ్ళినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పెద్దమనిషి 1914లో మన దేశానికి వచ్చి అనేక పట్టణాలకు నివేదికలు రాశాడు. వాడలు కూల్చి తిన్నటి రోడ్లు వేయడం ఆయనకు గిట్టేది కాదు. వీధి వీధీ నడిచి, అక్కడివాళ్ళ బతుకు చూసి, అవసరమైనంత మేరకే కత్తి పెట్టాలనేవాడు. ఇందోరులో ప్లేగు, చెత్త సమస్యలుండగా ఆయన దీపావళికి ఒక ఊరేగింపు ఏర్పాటు చేయించాడు. ఊరేగింపు ఏ వీధుల గుండా పోతుంది? ఏ వీధివాళ్ళు తమ ఇళ్ళు, వాకిళ్ళు బాగా శుభ్రం చేసుకుంటారో ఆ వీధుల గుండా. ఊరంతా పోటీపడి చీపుళ్ళు పట్టింది. హుకుంతో కానిది పండుగతో అయింది.

మన తెలుగు నేల మీద 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనులో పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలైంది. తరువాత దానికి యూనిసెఫ్ తోడ్పడింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, ముందు బస్తీలో తిరిగి మీకేం కావాలని అడగడం. బస్తీవాళ్ళు తమ వంతుగా కొంత డబ్బో, శ్రమో పెట్టడం. ఆ తరువాతే పని. బాలవాడీలతో, కుట్టు కేంద్రాలతో మొదలై, 1970ల నడుమ నుంచి బస్తీవాళ్ళు పట్టాలు, బ్యాంకు అప్పు సాయంతో తమ ఇళ్ళు తామే కట్టుకునే దాకా వెళ్ళింది. కేరళలో 1996 ఆగస్టులో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైంది. రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు ఇచ్చి, ఏం చేయాలో గ్రామసభల్లో చర్చించమన్నారు. అక్కడ ఎందరో రిటైరైన ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు స్వచ్ఛందంగా పనుల అంచనాలు పరిశీలించి పెట్టారు. ఈ మాట మనలాంటి వాళ్ళు గుర్తుంచుకోవాలి. కేరళలో పెన్షనరు చేయగలిగింది రేణిగుంటలో పెన్షనరు చేయలేడా?

పేరులోనే గుంట ఉన్న ఊరు

ఇప్పుడు మన ఊరికి వస్తాను. రేణిగుంటకు 1862లోనే రైలు వచ్చింది. ఇటు అరక్కోణం, అటు గూడూరు, ఇంకోవైపు కడప మీదుగా గుంతకల్లు, తిరుపతి మీదుగా కాట్పాడి – నాలుగు దిక్కులకూ ఇక్కడి నుంచి దారి ఉంది. విమానాశ్రయంలో కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రారంభించారు. కరకంబాడి వైపు బ్యాటరీ కర్మాగారం, గాజులమండ్యం పారిశ్రామికవాడ, ఎలక్ట్రానిక్ పరిశ్రమలు వచ్చాయి. మన పిల్లలకు పనులు దొరికాయి. ఊరు పెరగడం మంచిదే. పెరిగే పిల్లవాడికి చొక్కా కుట్టించేటప్పుడు కొలత తీసుకోవాలని మాత్రమే నేనంటున్నాను.

మన ఊరి పేరులోనే గుంట ఉంది. తిరుపతిలో గంగమ్మ తల్లి వెలసింది తాతయ్యగుంటలో. ఈ సీమలో ఊళ్ళ పేర్లు కొన్ని చదివితే పాత నీటి పటం చదివినట్టే ఉంటుంది. మనది నిత్యం పారే నదుల దేశం కాదు. శేషాచలం కొండల మీద పడిన వాన వంకల్లోకి దిగి, ఒక చెరువు నిండి మరవ పారి కింది చెరువుకు చేరి, చివరికి స్వర్ణముఖిలో కలుస్తుంది. మన పెద్దలు కట్టిపెట్టిన గొలుసు ఇది. గొలుసులో ఒక లంకె తెగినా, మూసుకున్నా నీళ్ళు మన గడపలోకి వస్తాయి.

2021 నవంబరులో అదే చూశాం. తిరుపతిలో లోతట్టు కాలనీలు మునిగాయి. స్వర్ణముఖి ఉధృతంగా పారింది. కొండ దారుల్లో చరియలు విరిగి పడ్డాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ నాలుగు రోజులు నాకు నిద్ర పట్టలేదు. కిటికీలోంచి నీళ్ళు చూసినప్పుడల్లా నీరుగంటి మాటే చెవిలో పడేది.

మా వీధిలో జరిగింది

ఆ వానల తరువాత మా వీధికి డ్రైనేజీ కాలువ మంజూరయింది. కొలతలకు ఒక యువ ఇంజనీరు వచ్చాడు. మా మనవడి వయసు. ఈసారి నేను గోడకు ఇవతలివైపు ఉన్నాను. "బాబూ, నీ ప్లాను ఒకసారి చూపిస్తావా?" అని అడిగాను. పాపం, మంచివాడు, చూపించాడు. మేము ఎనిమిదిమంది పెన్షనర్లం ఆ సాయంత్రం అతనితో వీధి పొడవునా నడిచాం. ప్రతి గోడ మీదా నీళ్ళు నిలిచిన మరక ఎంత ఎత్తున ఉందో సుద్దముక్కతో గీత గీసి చూపించాం.

మాలో ఒకాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా మొదలుపెట్టి మేటుగా రిటైరైనవాడు. పెద్దగా చదువుకోలేదు. కాలువ చివర ఏ తూములో కలుస్తుందో చూపించమన్నాడు. చూసి, "సార్, మీ కాలువ అడుగు ఈ తూము అడుగు కన్నా కిందుంది. నీళ్ళు ఎక్కి పోవు కదా" అన్నాడు. ఇంజనీరు మరునాడు లెవెలింగు పరికరం తెచ్చి చూశాడు. మేటు మాటే నిజమైంది. ప్లాను సవరించారు. పని మొత్తం మేమనుకున్నట్టే జరిగిందని చెప్పను. కాని ఆ తరువాతి వానలకు నీళ్ళు మా వీధిలో నిలవలేదు.

ఇక్కడితో ఆపితే మనల్ని మనం పొగుడుకున్నట్టవుతుంది. రెండో సంగతి కూడా చెప్పాలి. అదే ఊపులో మేము సంతకాలు పెట్టి ఇంకొక అర్జీ ఇచ్చాం. రోడ్డు పక్క తోపుడు బండ్లు, పూల బుట్టలు నడకకు అడ్డంగా ఉన్నాయి, తీసేయించండి అని. దాని మీద చిన్న సమావేశం జరిగింది. పూలమ్మే ఆమె ఒకతె లేచి నిలబడింది.

"అయ్యా, మీరంతా పెద్దోళ్ళు. అడ్డమని చెప్తావుండారు, నిజమే. పొద్దున్నే మీరు పూలు కొనేది నాదగ్గిరే కదా. నేను ఊరి చివరికి పోతే అంత దూరం మీరు నడిచొస్తారా? కొనరు. నేనూ అమ్మలేను" అన్నది.

మాకు జవాబు లేదు. ఆమెను ఎవరూ సంతకానికి అడగలేదు. ఆమె కూడా ఈ ఊరి మనిషేనన్న ఆలోచన మాకు రాలేదు. నలభై ఏళ్ళ కింద నేను నీరుగంటికి చేసిన పనే ఈసారి ఎనిమిదిమందిమి కలిసి చేయబోయాం. చివరికి బండ్లన్నీ ఒకవైపే పెట్టుకోవాలి, నడిచేవాళ్ళకు రెండో వైపు వదలాలి అని ఒప్పందమైంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం పట్టణాల్లో వ్యాపారుల కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలనీ, అందులో మూడో వంతు ఆడవాళ్ళుండాలనీ చెప్పింది. ఎందుకలా రాశారో నాకు ఆ పూలామె మాటతో అర్థమైంది.

కాబట్టి ప్రజలు చెప్పిందల్లా వేదమని నేననను. గొంతు పెద్దదైనవాడు, స్థలం ఎక్కువ ఉన్నవాడు ప్రజల పేరుతో తన పని చేసుకుపోవచ్చు. మనలాంటి పెద్దమనుషులు కూడా చేయవచ్చు. సభలో ఎవరు లేరో చూసుకోవడం కూడా భాగస్వామ్యంలో భాగమే.

మనం చేయగల పనులు

మనకు మూడు ఆస్తులున్నాయి. తీరిక ఉంది. పాత జ్ఞాపకం ఉంది. ఆఫీసు కాగితం ఎలా కదులుతుందో తెలుసు. చాలామందికి ఈ మూడూ కలిసి ఉండవు. వాటితో చేయగల పనులు కొన్ని మనవి చేస్తాను.

ఒకటి. నెలకొకసారి మన సంఘం నుంచి ఇద్దరు వెళ్ళి పంచాయతీలో, సచివాలయంలో, తుడాలో నోటీసు బోర్డులు చూసి రావాలి. పేపర్లలో వచ్చే భూవినియోగ మార్పు ప్రకటనలు కత్తిరించి ఉంచాలి. గడువు తేదీని మన సంఘం బోర్డు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయాలి.

రెండు. అభ్యంతరం గడువు లోపల, రాతపూర్వకంగా ఇవ్వాలి. మా ఊరికి అన్యాయం జరుగుతోంది అని రాస్తే ఫైల్లో పడుకుంటుంది. సర్వే నెంబరు, వీధి, ఏ నెలలో ఎంత ఎత్తు నీళ్ళు వచ్చాయి, బదులుగా ఏం చేయవచ్చు – ఇవి రాస్తే గుమస్తా కూడా పక్కన పెట్టలేడు. ఆ గుమస్తాగిరీ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అక్‌నాలెడ్జిమెంటు తప్పక తీసుకోవాలి.

మూడు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగాలి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేకుండా, మండల స్థాయిలో 5 రూపాయలతో, ఆపైన 10 రూపాయలతో దరఖాస్తు పెట్టే ఏర్పాటు చేశారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నాలుగు. గ్రామసభకు, వార్డు సభకు మనం వెళ్ళడమే కాదు, రాలేనివాళ్ళ మాట మోసుకు వెళ్ళాలి. చదువు లేనివాళ్ళకు అర్జీ రాసిపెట్టాలి. స్మార్ట్ సిటీ పథకంలో తిరుపతి 2016 సెప్టెంబరులో ఎంపికైనప్పుడు అభిప్రాయాలు ఎక్కువగా కంప్యూటర్ల మీద, ఫోన్ల మీద అడిగారు. ఫోను చేతకానివాడి అభిప్రాయం ఎవరు ఎక్కిస్తారు? మన మనవళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మనమే ఎక్కించాలి.

అయిదు. మన ఊరి నీటి పటం ఒకటి మనమే తయారు చేద్దాం. పాత గుంటలు, వంకలు, తూములు, మరవ దోవలు – ఎవరికి ఏది గుర్తుంటే అది చెప్పండి. గీయడానికి నేనున్నాను. చేయి కాస్త వణుకుతుంది గాని గీత ఇంకా తిన్నగానే వస్తుంది.

మిత్రులారా, మనమందరం డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకుంటాం. 1982లో ఆ తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది, పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని. ఆ తీర్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొద్దిమంది రిటైరైనవాళ్ళు కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కారు. దాని ఫలం మనం నెలనెలా అనుభవిస్తున్నాం. మన పెన్షను కోసం ఎవరో కాగితం పెట్టారు. మన ఊరి కోసం మనం ఒక కాగితం పెట్టలేమా?

ఆ నీరుగంటి కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయనకు నేను చెప్పుకోవలసిన క్షమాపణ చెప్పుకోలేకపోయాను. అందుకే ఇక మీదట ఏ ముసలాయనా, ఏ పూలామే గడువు దాటిందని వెనక్కు తిరిగి పోకుండా, గడువుకు ముందే వాళ్ళ మాట కాగితం మీదికి ఎక్కించడం మన సంఘం పనుల్లో ఒకటిగా పెట్టుకోవాలని కార్యవర్గానికి విజ్ఞప్తి చేస్తున్నాను.